ఏఆర్-15 బ్యారెల్ మందం, దానికి సరిపోయే గ్యాస్ బ్లాకు: ఎంపిక నుంచి బిగింపు వరకు

అమెరికాలో ఏఆర్-15 తరహా రైఫిల్‌ను విడిభాగాలతో కూర్చుకునేవారు బ్యారెల్ కొనేటప్పుడు పొడవు, క్యాలిబర్, గాడుల మెలిక మాత్రం శ్రద్ధగా చూస్తారు. బ్యారెల్ మీద బిగించి, తూటా పేలిన వాయువును వెనక్కి మళ్లించే చిన్న ముక్క అయిన గ్యాస్ బ్లాకును మాత్రం చివరికి ధర చూసి ఎంచుకుంటారు. పెట్టెలు ఇంటికి చేరాక బ్లాకు బ్యారెల్ మీదికి ఎక్కకపోవడమో, ఎక్కినా వదులుగా తిరగడమో కనిపించినప్పుడు గాని ఈ రెండూ ఒకే కొలతతో ముడిపడిన భాగాలన్న సంగతి గుర్తుకు రాదు. ఆ కొలతను ఎక్కడ తీసుకోవాలో, ఎంత మందం ఎవరికి తగినదో, బ్లాకును ఎలా కూర్చోబెట్టాలో ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తాను. కొలతలన్నీ అంగుళాల్లోనే ఇస్తున్నాను. అమ్మేవారు, కొనేవారు అక్కడ వాడే కొలమానం అదే. అంగుళంలో వెయ్యో వంతును లేత్ పనివారు వాడే మాటలోనే ‘థౌ’ అని రాస్తున్నాను.

కొనడానికి ముందు చట్టం

డల్లాస్‌లోనో, హ్యూస్టన్‌లోనో స్థిరపడిన తెలుగువారు ఈ అభిరుచిలోకి వచ్చేటప్పుడు మొట్టమొదట చూసుకోవలసింది తమ వీసా స్థితి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండడం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఇచ్చిన మినహాయింపు వంటివి కొన్ని ఉన్నా, వాటి మీద ఆధారపడేముందు న్యాయవాదిని సంప్రదించి తీరాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో ఏఆర్ తరహా రైఫిళ్ల మీద వేర్వేరు ఆంక్షలు ఉన్నందున మీ రాష్ట్ర చట్టాన్ని విడిగా చదవాలి.

బ్యారెల్ పొడవు విషయంలో ఫెడరల్ హద్దు 16 అంగుళాలు, రైఫిల్ మొత్తం పొడవు విషయంలో 26 అంగుళాలు. అంతకన్నా పొట్టిగా కూర్చాలంటే ముందుగా ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. ఇంకొక్క మాట: భారతదేశపు 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అనే నిర్వచనం కిందికి దాని భాగాలు కూడా వస్తాయి. సరదాకైనా, ఎవరికో చూపించడానికైనా బ్యారెల్‌ను గాని బ్లాకును గాని సామానులో పెట్టుకొని ఇండియాకు తీసుకెళ్లకూడదు. అనుమతి లేని ఎగుమతి అమెరికా వైపునా నేరమే.

గ్యాస్ బ్లాకు ఏం చేస్తుంది

తూటా పేలినప్పుడు పుట్టిన వాయువు గుండును బ్యారెల్ వెంట ముందుకు తోస్తుంది. గుండు బ్యారెల్ పైభాగంలో ఉన్న చిన్న రంధ్రాన్ని దాటగానే ఆ వాయువులో కొంత రంధ్రం గుండా పైకి వచ్చి, గ్యాస్ బ్లాకులో వెనక్కి మళ్లి, సన్నని గ్యాస్ ట్యూబు గుండా తూటా వెనుక తలుపులా మూసే బోల్ట్‌ను మోసుకొని కదిలే బోల్ట్ క్యారియర్‌లోకి చేరుతుంది. అక్కడ వ్యాకోచించి క్యారియర్‌ను వెనక్కి నెడితే ఖాళీ షెల్ బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. 1950ల్లో ఆర్మలైట్ సంస్థలో యూజీన్ స్టోనర్ రూపొందించిన ఈ అమరికలో బ్లాకు కదిలే భాగం కాదు. అది ఒక మలుపు గొట్టం మాత్రమే. అయితే బ్యారెల్ రంధ్రం, బ్లాకు లోపలి రంధ్రం ఎదురెదురుగా లేకపోయినా, రెంటి మధ్య సందు ఎక్కువైనా, వాయువు పక్కలకు పోయి రైఫిల్ ఒక్కొక్క తూటాకూ ఆగిపోతుంది.

మొదటి మెట్టు: ఎంత మందం కావాలి

బ్లాకు కూర్చునే చోట బ్యారెల్ వ్యాసం ప్రధానంగా నాలుగు కొలతల్లో దొరుకుతుంది: 0.625, 0.750, 0.875, 0.936 అంగుళాలు. బ్లాకులను కూడా ఇవే సంఖ్యలతో అమ్ముతారు. అంకెల్లో తేడా స్వల్పంగా కనిపించినా చేతిలో తేడా పెద్దది. ఉక్కు సాంద్రతను, గుండు వెళ్లే 5.56 క్యాలిబర్ నడిమి బోలును లెక్కలోకి తీసుకుంటే, ఒక్కొక్క అంగుళం పొడవుకు 0.625 బ్యారెల్ సుమారు 34 గ్రాములు, 0.750 బ్యారెల్ సుమారు 52 గ్రాములు, 0.875 బ్యారెల్ 72 గ్రాములు, 0.936 బ్యారెల్ 83 గ్రాములు తూగుతాయి. మిడ్ లెంగ్త్ గ్యాస్ (గ్యాస్ రంధ్రం మధ్యస్థ దూరంలో ఉండే రకం) ఉన్న 16 అంగుళాల బ్యారెల్‌లో గ్యాస్ రంధ్రానికి ముందు మిగిలే భాగం సుమారు ఆరు అంగుళాలు. ఆ ఆరు అంగుళాల్లోనే 0.625 నుంచి 0.750కి మారితే వంద గ్రాములు, 0.750 నుంచి 0.936కి మారితే దాదాపు 190 గ్రాములు పెరుగుతాయి. ఈ బరువు రైఫిల్ కొసన ఉంటుంది కాబట్టి, నిలబడి గురిపెట్టినప్పుడు భుజానికి దగ్గరగా ఉండే అంతే బరువు కన్నా చాలా ఎక్కువగా తెలుస్తుంది.

బరువుకు ప్రతిఫలం బిగువు. గొట్టం వంగకుండా నిలిచే శక్తి వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అందువల్ల 0.750 బ్యారెల్ 0.625 కన్నా సుమారు రెండింతలు, 0.936 బ్యారెల్ 0.750 కన్నా దాదాపు రెండున్నర రెట్లు బిగువుగా ఉంటుంది. మందపాటి బ్యారెల్‌లో ఉక్కు ఎక్కువ కాబట్టి అది నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగానే చల్లబడుతుంది. సన్నని బ్యారెల్ గురి తప్పుతుందన్న ప్రచారం మాత్రం పూర్తిగా నిజం కాదు. బాగా తయారుచేసిన సన్నని బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడు మొదటి కొన్ని తూటాలను మందపాటి దానితో సమానంగానే వేయగలదు. వెంటవెంటనే కాలుస్తూ పోతే వేడికి గుండు తగిలే చోటు జరగడం దీని బలహీనత.

కాబట్టి ఎంపిక వాడుకను బట్టి ఉండాలి. టెక్సాస్ పొలాల్లో అడవి పందుల కోసం రోజంతా రైఫిల్ భుజాన వేసుకొని తిరిగేవారు రెండు మూడు తూటాలకు మించి ఒకేసారి కాల్చరు, వారికి 0.625 చక్కగా సరిపోతుంది. బల్ల మీద ఆనించి, దూరపు కాగితపు గురిమీద పది తూటాల గుంపులు వేసేవారికి 0.936 అర్థవంతమైనది. 0.875 ఎక్కువగా .308 క్యాలిబర్ పెద్ద రైఫిళ్లలో కనిపిస్తుంది. దానికి బ్లాకుల ఎంపిక తక్కువ. మొదటిసారి కూర్చుకునేవారికి నేను నిస్సంకోచంగా చెప్పేది 0.750. సంప్రదాయికంగా ముందు సైటుతో కలిసి వచ్చే బ్లాకు కొలత కూడా ఇదే అయినందున, ఈ కొలతలో దొరికినన్ని రకాల బ్లాకులు మరే కొలతలోనూ దొరకవు. తర్వాత మార్చుకోవడమూ సులువే.

క్యాలిబర్ కూడా ఇక్కడ ఒక షరతు పెడుతుంది. 5.56 బ్యారెల్ కొసన మర (అంటే స్క్రూ గాడులు) సాధారణంగా అర అంగుళం వ్యాసంతో ఉంటుంది. .300 బ్లాకౌట్, .308 వంటి ముప్పై క్యాలిబర్లకు మాత్రం అయిదు బై ఎనిమిది అంగుళాల మర వాడతారు, అంటే 0.625. బ్లాకు బ్యారెల్ కొస నుంచే ఎక్కాలి. కొసన ఫ్లాష్ హైడర్ (మంట కనిపించకుండా తగ్గించే ముక్క) ఆనుకోవడానికి మర వెనుక ఒక గట్టు మిగలాలి. 0.625 బ్యారెల్‌లో ఆ గట్టుకు చోటే ఉండదు కాబట్టి ముప్పై క్యాలిబర్‌లో ఈ మర కావాలనుకునేవారు 0.750తో మొదలుపెట్టాలి.

రెండో మెట్టు: పేరును నమ్మకుండా కొలవడం

పెన్సిల్, గవర్నమెంట్, ఎం4, హెవీ, బుల్ అన్న పేర్లు బ్యారెల్ ఆకారాన్ని స్థూలంగా చెబుతాయి. బ్లాకు కొలతను ఖచ్చితంగా చెప్పవు. ఒకే బ్యారెల్ మీద నాలుగైదు వ్యాసాలు ఉంటాయి. గవర్నమెంట్ రకంలో బ్లాకుకు వెనుక, చేతి కవచం (ముందు చేత్తో పట్టుకునే తొడుగు) కింద బ్యారెల్ సన్నగా ఉండి, బ్లాకుకు ముందు లావుగా ఉంటుంది. ఎం4 రకంలో ముందు భాగాన గ్రెనేడ్ లాంచర్ పట్టు కోసం ఒక పల్లపు మెట్టు కనిపిస్తుంది. పెన్సిల్ పేరుతో అమ్మే వాటిలో రంధ్రం దగ్గర 0.625 ఉన్నవీ ఉన్నాయి, 0.750 ఉన్నవీ ఉన్నాయి. హెవీ అని రాసిన బ్యారెల్ చేతి కవచం కింద ఎంత లావుగా ఉన్నా రంధ్రం దగ్గర 0.750కి దిగి ఉండవచ్చు.

గాజు మణికట్టు మీద నిలవాలంటే ముందు అరచేతిని దాటాలి. బ్లాకు కూడా అలాగే కొస నుంచి రంధ్రం దాకా ఉన్న ప్రతి వ్యాసాన్నీ దాటి రావాలి. అందువల్ల రంధ్రానికి ముందున్న భాగం బ్లాకు సీటు కన్నా లావుగా ఉండదు. బ్లాకు ఆగే చోట, రంధ్రానికి వెనుక ఒక గట్టు ఉంటుంది. ఆ గట్టుకు ముందు, రంధ్రానికి ఇరువైపులా నున్నగా కోసిన భాగమే బ్లాకు సీటు. దుకాణాల్లో దాన్ని జర్నల్ అంటారు. కొలవాల్సింది అక్కడే.

దీనికి అర థౌ దాకా చూపే డిజిటల్ వెర్నియర్ కాలిపర్ చాలు; మైక్రోమీటర్ ఉంటే ఇంకా మేలు. దవడలు మూసి సున్నా సరిగా వస్తున్నదో లేదో చూసి, బ్యారెల్ మీది నూనె తుడిచి, రంధ్రానికి కాస్త ముందు ఒకసారి, కాస్త వెనుక ఒకసారి, బ్యారెల్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ రెండుసార్లు కొలవాలి. మంచి 0.750 సీటు 0.749 నుంచి 0.750 మధ్య వస్తుంది. నాలుగు కొలతలూ అర థౌ లోపల ఏకీభవించాలి. తర్వాత బ్లాకు లోపలి వ్యాసాన్ని కాలిపర్ లోపలి దవడలతో కొలవాలి; ఈ కొలత బయటి కొలతంత నమ్మకమైనది కాదు కాబట్టి రెండు మూడు సార్లు తీసుకొని అన్నింటికన్నా పెద్దదాన్ని రాసుకోవాలి.

రెంటి మధ్య తేడా ఒక థౌ లోపల ఉంటే బ్లాకు చేతితో తోస్తూ కొద్దిగా తిప్పితే ఎక్కుతుంది, ఎక్కాక ఊగదు. ఒకటిన్నర థౌ దాకా పని నడుస్తుంది. మూడు థౌలు దాటితే ఆ బ్లాకును తిప్పి పంపడమే సరైనది. స్క్రూలు ఎంత బిగించినా అవి బ్లాకును ఒక పక్కకు నెట్టి, రెండో పక్క సందును ఇంకా పెంచుతాయి. బ్లాకు అసలే ఎక్కకపోతే సుత్తి తీయవద్దు. ఫాస్ఫేట్ పూత గరుకుగా, కొంచెం మందంగా ఉంటుంది. ఒక చుక్క నూనెతో చేత్తో తిప్పినా ఎక్కనంత బిగువుగా ఉంటే మరో బ్లాకు తెప్పించుకోవాలి గాని సీటును అరగదీయకూడదు.

మూడో మెట్టు: గ్యాస్ పొడవు

వ్యాసం సరిపోయినా గ్యాస్ ట్యూబు పొడవు సరిపోకపోతే ప్రయోజనం లేదు. రిసీవర్ (బోల్ట్, క్యారియర్ ఉండే పెట్టె) ముఖం నుంచి రంధ్రం దాకా దూరం కార్బైన్ రకంలో సుమారు 7.8 అంగుళాలు, మిడ్ లెంగ్త్‌లో 9.8, రైఫిల్ లెంగ్త్‌లో 13.2. బ్యారెల్‌ను ఏ పొడవుకు తయారుచేశారో ట్యూబును ఆ పొడవుదే కొనాలి. 16 అంగుళాల బ్యారెల్‌కు నేను మిడ్ లెంగ్త్‌నే మెచ్చుకుంటాను: కార్బైన్ రంధ్రం ఛాంబర్‌కు (తూటా కూర్చునే గదికి) దగ్గరగా ఉండడం వల్ల వాయువు ఎక్కువ ఒత్తిడితో వచ్చి బోల్ట్‌ను గట్టిగా కొడుతుంది, రంధ్రం రెండు అంగుళాలు ముందుకు జరిగితే ఆ దెబ్బ మెత్తబడుతుంది. .308 రైఫిళ్లలో కొందరు తయారీదారులు ట్యూబు పొడవును తమ సొంత కొలతకు మార్చుకున్నారు కాబట్టి అక్కడ బ్యారెల్ తయారీదారు సూచించిన ట్యూబునే వాడాలి.

రంధ్రం వ్యాసం కూడా బ్యారెల్ మీదే ఉంటుంది. సైన్యపు రైఫిళ్లలో, 20 అంగుళాల ఎం16ఏ2లో అది సుమారు 0.093 అంగుళం, 14.5 అంగుళాల ఎం4లో సుమారు 0.062. పొట్టి గ్యాస్‌కు చిన్న రంధ్రం, పొడవు గ్యాస్‌కు పెద్ద రంధ్రం అన్నది ఇక్కడి సూత్రం. దీన్ని ఇంట్లో డ్రిల్లుతో పెంచే ప్రయత్నం చేయకూడదు.

నాలుగో మెట్టు: బ్లాకు రకం, లోహం, ఎత్తు

బ్లాకును బ్యారెల్‌కు పట్టి ఉంచే పద్ధతులు మూడు. కింది నుంచి రెండు చిన్న స్క్రూలు బ్యారెల్‌ను నొక్కే సెట్ స్క్రూ రకం చవకైనది, సన్ననిది. దాదాపు ఏ చేతి కవచం కిందనైనా పడుతుంది. బ్యారెల్ అడుగున స్క్రూల కొసలకు సరిపోయే చిన్న గుంటలు ఉంటే ఈ రకం చాలా నమ్మకంగా నిలుస్తుంది. చాలామంది తయారీదారులు ఆ గుంటలు ముందే వేసి అమ్ముతారు, అలాంటి బ్యారెల్‌నే ఎంచుకోవడం మేలు. చీలిక ఉన్న బ్లాకును బోల్టులతో దగ్గరకు లాగే క్లాంప్ రకం బ్యారెల్‌ను చుట్టూ సమంగా పట్టుకుంటుంది. గుంటలు లేని బ్యారెల్‌కు ఇది నాకు ఎక్కువ నచ్చుతుంది, కాకపోతే కాస్త వెడల్పు. మూడోది పిన్ను పద్ధతి. బ్లాకును, బ్యారెల్ అడుగు అంచును కలిపి అడ్డంగా తొలిచి పిన్ను కొట్టడం దీని విధానం. దీన్ని మించిన పట్టు లేదు. ఈ పనిని గన్‌స్మిత్‌కు అప్పగించాలి.

లోహం విషయంలో నా మాట ఒక్కటే: ఉక్కు కొనండి. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 0.750 కొలతలో, బ్యారెల్, బ్లాకు రెండూ 200 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కాయనుకుంటే, ఉక్కు దాదాపు 1.8 థౌలు పెరిగితే అల్యూమినియం దాదాపు మూడున్నర థౌలు పెరుగుతుంది. అంటే చల్లగా ఉన్నప్పుడు ఒక థౌ ఉన్న సందు వేడికి రెండున్నర థౌలు దాటుతుంది. మొదట చక్కగా పనిచేసి, రైఫిల్ వేడెక్కాక తడబడే లక్షణానికి ఒక్కోసారి ఇదే కారణం.

ఎత్తు దగ్గర మందపాటి బ్యారెల్‌వారు జాగ్రత్తపడాలి. గ్యాస్ ట్యూబు పై రిసీవర్‌లోకి దూరే ఎత్తు అన్ని ఏఆర్-15లలోనూ ఒకటే. బ్యారెల్ లావయినంత మాత్రాన ట్యూబు పైకి జరగదు. దాని కిందున్న బ్లాకు గోడే పలచబడుతుంది, బ్లాకు మాత్రం పక్కలకు, కిందికి పెరుగుతుంది. 0.936 బ్లాకు సన్నని గొట్టం లాంటి చేతి కవచంలో పట్టకపోవచ్చు, లేదా లోపలి గోడను తాకవచ్చు. తాకితే బ్యారెల్‌కు చేతి ఒత్తిడి చేరి గురి మారిపోతుంది. కవచం లోపలి వ్యాసాన్ని, బ్లాకు అత్యధిక వెడల్పును పక్కపక్కన రాసుకొని, అన్ని వైపులా కనీసం ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉందని తేల్చుకున్నాకే డబ్బు చెల్లించాలి.

వాయువును తగ్గించి పెంచుకునే స్క్రూ ఉన్న అడ్జస్టబుల్ బ్లాకులు సప్రెసర్ (శబ్దాన్ని తగ్గించే గొట్టం) వాడేవారికి ఉపయోగపడతాయి. మామూలు రైఫిల్‌కు వాటి అవసరం లేదు.

అయిదో మెట్టు: కూర్చోబెట్టడం

తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసి మొదలుపెట్టాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ట్యూబును బ్లాకులోకి దూర్చేటప్పుడు ట్యూబు రంధ్రం కిందికి, అంటే బ్యారెల్ వైపు చూడాలి. తర్వాత చిన్న రోల్ పిన్నును సరిపోయే పంచ్‌తో నెమ్మదిగా కొట్టాలి.

ఇక అసలు పని. పాత పద్ధతి ప్లాస్టిక్ చేతి కవచానికి ముందు ఒక రేకు టోపీ ఉండేది. అది బ్యారెల్ గట్టుకు, బ్లాకుకు మధ్య ఇమిడేది. ఆ టోపీ మందాన్ని కలుపుకొనే బ్యారెళ్ల మీద రంధ్రం చోటు నిర్ణయమైంది. ఇప్పటి కవచాల్లో టోపీ లేదు. అందువల్ల చాలా బ్లాకులను గట్టుకు పూర్తిగా ఆనించితే రంధ్రాలు సుమారు 30 థౌలు తప్పుతాయి. అది సరిగ్గా ఒక క్రెడిట్ కార్డు మందం. కొన్ని బ్లాకులను మాత్రం గట్టుకు ఆనించేలాగే తయారుచేస్తారు. ఏది ఏదో ఊహించనక్కరలేదు: బ్యారెల్ మీద గట్టు నుంచి రంధ్రం మధ్యకు ఎంత దూరమో కొలవండి, బ్లాకు వెనుక అంచు నుంచి దాని లోపలి రంధ్రం మధ్యకు ఎంత దూరమో కొలవండి, మొదటి దానిలో నుంచి రెండో దాన్ని తీసివేస్తే వదలాల్సిన సందు వస్తుంది. బ్లాకు రంధ్రం సాధారణంగా బ్యారెల్ రంధ్రం కన్నా పెద్దది కాబట్టి కొన్ని థౌల పొరపాటును అది భరిస్తుంది, ముప్పైని భరించకపోవచ్చు.

అడ్డంగా తిరగకుండా చూసేందుకు బ్యారెల్ పైన రంధ్రం మధ్య నుంచి ముందుకూ వెనక్కూ సన్నని పెన్సిల్ గీత గీసి, బ్లాకు పైనా మధ్య గీత పెట్టుకోవాలి. గుంటలు ఉన్న బ్యారెల్ అయితే స్క్రూ గుంటలో పడిన క్షణం వేలికి తెలుస్తుంది. ట్యూబు రిసీవర్‌లోకి ఏ పక్కా ఒరుసుకోకుండా వెళ్లాలి. క్యారియర్‌ను నెమ్మదిగా ముందుకు జారిస్తే దాని కీ (క్యారియర్ పైనున్న చిన్న గొట్టం) ట్యూబు మీదికి తేలికగా ఎక్కాలి. ఎక్కడైనా పట్టుకుంటే బ్లాకు కొద్దిగా ఒరిగిందని అర్థం.

స్క్రూల మీది నూనెను ఆల్కహాల్‌తో తుడిచి, రాక్‌సెట్ వంటి అధిక వేడికి తట్టుకునే జిగురు ఒక చుక్క వేసి, తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించాలి. మామూలు ఎర్ర థ్రెడ్‌లాకర్ సుమారు 150 డిగ్రీల వరకే ఉద్దేశించినది. గ్యాస్ బ్లాకు దగ్గర అది నిలవదు. బిగించాక స్క్రూ తల నుంచి బ్లాకు మీదికి రంగుతో ఒక గీత గీస్తే, తర్వాత స్క్రూ కదిలినట్లయితే గీత విరిగి కనిపిస్తుంది.

ఆరో మెట్టు: రేంజిలో పరీక్ష

మ్యాగజైన్‌లో ఒక్క తూటా వేసి కాల్చాలి. బోల్ట్ వెనక్కి వచ్చి అక్కడే ఆగితే వాయువు సరిపోయిందని లెక్క. దీన్ని అయిదారుసార్లు, వీలైతే రెండు రకాల తూటాలతో చేయాలి. బోల్ట్ ఆగకుండా ముందుకు వచ్చేస్తుంటే, ఖాళీ షెల్ బద్ధకంగా వెనక్కి పడుతుంటే, వాయువు తక్కువ. అప్పుడు బ్లాకు చోటును అనుమానించాలి, మరేదీ మార్చే ముందు. షెల్ బలంగా ముందుకు ఎగిరిపోతూ, దాని అంచు మీద ఎక్స్‌ట్రాక్టర్ (షెల్‌ను బయటికి లాగే కొక్కెం) గట్టి గాట్లు వేస్తుంటే వాయువు ఎక్కువ. బరువైన బఫర్ (క్యారియర్ వెనుక ఉండే బరువు ముక్క) దానికి మొదటి మందు.

కొత్త బ్లాకు అంచుల నుంచి కొద్దిగా మసి కారడం మామూలే. కాల్చేకొద్దీ ఆ మసే సందును పూడుస్తుంది. ఒకే పక్కన దట్టంగా, పొడవుగా చార పడితే మాత్రం రైఫిల్ పూర్తిగా చల్లబడ్డాక బ్లాకు విప్పి చూడాలి. బ్యారెల్ రంధ్రం చుట్టూ బ్లాకు రంధ్రం ఆకారంలో నల్లని వలయం ముద్రపడి ఉంటుంది. బ్యారెల్ రంధ్రం ఆ వలయం మధ్యలో ఉంటే అమరిక సరైనదే, లోపం సందులో ఉంది, బ్లాకు మార్చాలి. రంధ్రం వలయంలో ఒక అంచుకు జరిగి కనిపిస్తే, ఎటు ఎంత జరిగిందో కాలిపర్‌తో కొలిచి, బ్లాకును అంతే దూరం సరిచేసి, పాత జిగురు తుడిచి మళ్లీ బిగించాలి.